‘బాగుంది’ తర్వాతి మాట

జూలియా మార్గరెట్ కామెరాన్‌కు నలభై ఎనిమిదేళ్ల వయసులో కూతురూ అల్లుడూ కలిసి ఒక కెమెరా కొనిచ్చారు. 1863 డిసెంబరు సంగతి. పిల్లలు పెద్దవాళ్లయి ఎవరి దారిన వాళ్లు పోయారు, భర్త కాఫీ తోటల పని మీద సిలోన్‌లో ఉన్నాడు, ఒక్కతే ఉన్న మనిషికి పొద్దుపోతుందని వాళ్ల ఉద్దేశం. కలకత్తాలో పుట్టిన ఆవిడ అప్పటికి ఇంగ్లండులో వైట్ దీవిలో ఉంటోంది. కోళ్ల గూడుకు అద్దాలు పెట్టించి స్టూడియో చేసుకుంది, బొగ్గుల కొట్టును డార్క్‌రూమ్ చేసుకుంది. పొరుగున ఉండే కవి టెన్నిసన్‌ను ఎంత పట్టుగా కూర్చోబెట్టిందో, ఇంట్లో పనిచేసే మేరీ హిల్లియర్‌నూ అంత పట్టుగానే కూర్చోబెట్టి ఫోటోలు తీసింది. పనిమనిషి ఆ ఫోటోల్లో మేరీమాత అయింది. 1865 ఫిబ్రవరిలో లండన్ ఫోటోగ్రాఫిక్ సొసైటీ వారి పత్రిక ఈ ఫోటోలను ఏకిపారేసింది. కొత్తదనం ఉంది, కాదనం, కానీ ఫోకస్ లేదు, ఫోటోకు ఉండాల్సిన మిగతా లక్షణాలు ఏవీ లేవు అన్నది దాని సారం.

ఆ మాటల్లో అబద్ధం ఏమీ లేదు. కామెరాన్ ప్రింట్ల మీద వేలిముద్రలున్నాయి, మందు సరిగ్గా పరుచుకోని చోట్ల మరకలున్నాయి, కొన్ని ప్లేట్లకు పగుళ్లున్నాయి. ముఖం అంచులు మసగ్గా కరిగిపోయి ఉంటాయి. కానీ ఆవిడ అప్పటికే శాస్త్రవేత్త జాన్ హెర్షెల్‌కు ఉత్తరం రాస్తూ, అసలు ఫోకస్ అంటే ఏమిటి, ఏది సరైన ఫోకసో తేల్చే హక్కు ఎవరికుంది అని నిలదీసింది. హెర్షెల్ ఆవిడకు పాత స్నేహితుడు. చిత్రకారుడు వాట్స్ కూడా అంతే. వాళ్లిద్దరూ కూడా లోపాలు చెప్పేవాళ్లే. తేడా ఎక్కడంటే, పత్రిక ఆవిడ ఫోటో అందరి ఫోటోల్లా ఉండాలని కోరింది, వాట్స్ ఆవిడ ఫోటో ఇంకా ఆవిడ ఫోటోలా ఉండాలని కోరాడు. సౌత్ కెన్సింగ్టన్ మ్యూజియం అదే 1865లో ఆ మసక ఫోటోలు కొనుక్కుంది. 1926లో వర్జీనియా వుల్ఫ్ అమ్మమ్మ వరసయ్యే ఈ ముసలావిడ మీద పుస్తకమే వేసింది. పత్రికలో అలా రాసిన పెద్దమనిషి పేరు ఎంతమందికి గుర్తుంది?

ఫోటో విమర్శ చరిత్ర తిరగేసినప్పుడల్లా నాకు తగిలేది ఇదే. చెప్పింది నిజమా కాదా అన్నది రెండో ప్రశ్న. చెప్పినవాడు ఎంతసేపు చూశాడు, ఎవరి కొలబద్దతో చూశాడు అన్నది మొదటిది. ‘నేను ఉన్నదున్నట్టు చెప్పేస్తానండీ’ అని ముందుగానే చెప్పుకునేవాళ్లు చాలామంది ఈ మొదటి ప్రశ్న దగ్గర ఆగరు.

మన దేశానికి ఈ విద్య త్వరగానే వచ్చింది. బొంబాయిలో 1854లో, కలకత్తా, మద్రాసుల్లో 1856లో ఫోటోగ్రాఫిక్ సొసైటీలు వెలిశాయి. మద్రాసు సొసైటీ వెనుక ఉన్నది ఆర్ట్ స్కూలు పెట్టిన డాక్టర్ అలెగ్జాండర్ హంటర్. అంతకు ముందే, 1855 మద్రాసు ప్రదర్శనలో లిన్నేయస్ ట్రైప్ అనే సైనికాధికారి తీసిన హళేబీడు, బేలూరు ఆలయాల ఫోటోలకు మొదటి తరగతి పతకం ఇచ్చారు. నెలకోసారి సభ్యులు కలవడం, ప్రింట్లు బల్ల మీద పరిచి మాట్లాడుకోవడం, ఏ మందు ఎండకు తట్టుకుంటుందో చెప్పుకోవడం, ఇవీ ఆ సొసైటీల పనులు. మాట్లాడుకునేదంతా రసాయనాల గురించే. ఈ ఎండల్లో ప్లేటు ఆరకుండా బొమ్మ తీయడమే గగనం కదా, వాళ్లను తప్పుపట్టలేం. తెల్లవాళ్లూ నల్లవాళ్లూ ఒకే బల్ల చుట్టూ కూర్చున్న అరుదైన చోట్లు అవి. అయితే ఆ మర్యాద ఫోటో అంచు వరకే. కలకత్తా సొసైటీలో కోశాధికారిగా పనిచేసిన రాజేంద్రలాల్ మిత్రా నీలిమందు దొరల మీద సభలో ఘాటుగా మాట్లాడాడని 1857లో ఆయన్ను సభ్యత్వం నుంచి తీసేశారు. విమర్శ నేర్పడానికి పెట్టుకున్న సంఘం ఒక విమర్శకు తట్టుకోలేకపోయింది.

హైదరాబాదుకు వస్తే, ఫోటోగ్రాఫర్ లాలా దీనదయాళ్ ముందు ఈ బల్లలేవీ లేవు. ఆయనకు విమర్శకుడు దర్బారే. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆయన్ను కొలువులోకి తీసుకున్నాడు, ‘రాజా’ బిరుదిచ్చాడు. 1892లో పరదా పాటించే స్త్రీల కోసం దీనదయాళ్ ప్రత్యేకంగా జెనానా స్టూడియో తెరిచి దాన్ని ఒక దొరసాని చేతిలో పెట్టాడు. ప్రభువు మెచ్చాడా, మరో ఆర్డరు వస్తుంది. మెచ్చలేదా, మౌనం. ఆ మౌనాన్ని చదువుకోవడమే అప్పటి మన ఫోటోగ్రాఫర్ల చదువు. ఈ అలవాటు మన స్టూడియోలను చాలాకాలం వదల్లేదు. డబ్బిచ్చే మనిషి ముఖం చూసి పని బాగుందో లేదో తెలుసుకోవడం.

అసలు కథ న్యూయార్క్‌లో నడిచింది. ఫిఫ్త్ అవెన్యూ 291వ నంబరు ఇంట్లో ఆల్ఫ్రెడ్ స్టీగ్లిట్జ్ 1905లో ఒక చిన్న గ్యాలరీ తెరిచాడు. అప్పటికే ‘కెమెరా వర్క్’ పత్రిక నడుపుతున్నాడు. మాట పెళుసు, తనకు నచ్చనిది కళే కాదనే తత్వం. పత్రికకు మొదట్లో వెయ్యిమంది దాకా ఉన్న చందాదారులు 1917లో మూసేనాటికి నలభై మందైనా లేరంటే, ఆ తత్వానికి ఆయన కట్టిన ధర అదీ. స్కూలు కుర్రాళ్లను వెంటబెట్టుకుని లూయిస్ హైన్ అనే మాస్టారు 1907 ప్రాంతంలో ఈ గ్యాలరీకి వచ్చాడు. ఆ కుర్రాళ్లలో పాల్ స్ట్రాండ్ ఒకడు. తర్వాతి ఏళ్లలో స్ట్రాండ్ అప్పుడప్పుడూ తన ప్రింట్లు పట్టుకుని స్టీగ్లిట్జ్ దగ్గరికి వెళ్లేవాడు. ఆ రోజుల ఫ్యాషన్ ప్రకారం అతనూ మెత్తటి లెన్సు వాడేవాడు, అంతా మంచులో తడిసినట్టు, పెయింటింగులా కనిపించేది. స్టీగ్లిట్జ్ ఆ ప్రింట్లు చూసి ఏమన్నాడో స్ట్రాండ్ ముసలితనంలోనూ మరిచిపోలేదు. ఈ లెన్సుతో నీళ్లు గడ్డిలా ఉన్నాయి, గడ్డి చెట్టు బెరడులా ఉంది, ఒక వస్తువుకీ ఇంకో వస్తువుకీ మధ్య ఉండే తేడానే పోగొట్టుకుంటున్నావు, అపర్చర్ బాగా చిన్నది చేసి కొన్నాళ్లు తీసి చూడు, అన్నాడట.

ఈ మాటలో ఉన్న పనితనం కాస్త చూడాలి. ‘నీ ఫోటోలు బాగా లేవు’ అని అనలేదు. ‘నాకు నచ్చలేదు’ అనీ అనలేదు. ప్రింటు మీద వేలు పెట్టి, ఇది నీళ్లు, కానీ నీళ్లలా లేదు అన్నాడు. అది ఎవరైనా సరిచూసుకోగల మాట. కుర్రవాడు కావాలంటే కాదనొచ్చు, ప్రింటు కళ్లెదురుగానే ఉంది. చివర్లో ఇంటికెళ్లి చేయడానికి ఒక పని చెప్పాడు. స్ట్రాండ్ వెళ్లి చేశాడు. 1915లో వాల్ స్ట్రీట్‌లో బ్యాంకు భవనం నల్లటి కిటికీల కింద చీమల్లా నడిచిపోతున్న మనుషుల ఫోటో తీశాడు. 1916లో గుడ్డి బిచ్చగత్తె ముఖాన్ని దగ్గరగా తీశాడు. కొత్త ప్రింట్లు చూసిన స్టీగ్లిట్జ్ 1916లో వాటిని తన గ్యాలరీలో ప్రదర్శించాడు, కెమెరా వర్క్ ఆఖరి సంచిక మొత్తం అతనికే ఇచ్చేశాడు.

ఇప్పుడు కామెరాన్‌ను గుర్తు చేసుకోండి. ఆవిడకు చెప్పిందీ, స్ట్రాండ్‌కు చెప్పిందీ ఒకటే: ఫోకస్ పెట్టు. ఒకచోట అది మూర్ఖత్వం అయింది, రెండోచోట గురువాక్యం అయింది. కామెరాన్ మసక ఆవిడ సొంతం. ఎదుటి మనిషి ఊపిరి తీస్తున్నట్టు కనిపించాలని ఆవిడ వెతుక్కుంటూ వెళ్లి పట్టుకున్నది. స్ట్రాండ్ మసక అరువు సొత్తు, ఊళ్లో అందరూ వాడుతున్నది. లోపం ఒకటే అయినా అది ఎక్కడి నుంచి వచ్చిందో కనిపెట్టగలిగినవాడే విమర్శకుడు. ఆ సంగతి ఫోటోగ్రాఫర్ని ఎరగనివాడికీ, ముందూ వెనుకా తీసిన ఫోటోలు చూడనివాడికీ దొరకదు. ఒక్క ఫోటో చూసి తీర్పు చెప్పడం కంటే పోర్ట్‌ఫోలియో చూడటం మేలని అనడానికి కారణం ఇదే.

స్టీగ్లిట్జ్ గురించి ఇంకో ముచ్చట ఉంది. 1933లో ఆన్సెల్ ఆడమ్స్ కాలిఫోర్నియా నుంచి రైలెక్కి వచ్చి ప్రింట్ల పెట్టె పట్టుకుని ఆయన ముందు నిలబడ్డాడు. ఇప్పుడు కాదు, మధ్యాహ్నం రా అని పెద్దాయన ముఖం మీదే పంపేశాడు. మధ్యాహ్నం వెళితే గదిలో ఉన్న ఒకే ఒక్క కుర్చీలో స్టీగ్లిట్జ్ కూర్చున్నాడు. ఆడమ్స్ వేడి పొగలు కక్కుతున్న రేడియేటర్ మీద కూర్చోవాల్సి వచ్చింది. ఆయన ఒక్కో ప్రింటునూ చూశాడు, పెట్టె మూశాడు. ఆడమ్స్ నోరు తెరవబోతే మళ్లీ పెట్టె తెరిచి మొదటి నుంచీ రెండోసారి చూశాడు. అంతసేపూ ఒక్క మాట లేదు. ఆ తర్వాత మెచ్చుకున్నాడు. 1936లో ఆడమ్స్ ప్రదర్శన పెట్టాడు. ఆడమ్స్ జీవితాంతం చెప్పుకున్నది ఆ మెప్పు గురించే కాదు, ఆ రెండోసారి చూడటం గురించి కూడా.

అదే దశాబ్దంలో వాషింగ్టన్‌లో దీనికి పూర్తిగా ఎదురు పద్ధతి నడిచింది. అమెరికా ప్రభుత్వం పల్లెల్లోని కరువును ఫోటోలు తీయించడానికి 1935లో ఒక బృందాన్ని పంపింది. డొరోథియా లాంగ్, వాకర్ ఎవాన్స్, బెన్ షాన్ లాంటి వాళ్లందరూ అందులో ఉన్నారు. వాళ్ల పై అధికారి రాయ్ స్ట్రైకర్ తనకు పనికిరాదనుకున్న నెగెటివ్‌కు పంచింగ్ మిషన్‌తో బెజ్జం కొట్టేవాడు. ఒక్కోసారి బెజ్జం సరిగ్గా మనిషి ముఖం మీద పడేది. ఎందుకు వద్దన్నాడో రాసిపెట్టడం లేదు, మాట్లాడటం లేదు. ఫోటోగ్రాఫర్లు గొడవ పెట్టగా పెట్టగా 1930ల చివరికి మానుకున్నాడు. ఆ నెగెటివ్‌లు అమెరికా కాంగ్రెస్ లైబ్రరీలో భద్రంగా ఉన్నాయి. పొలంలో నిలబడ్డ రైతు, అతని నెత్తి మీద నల్లటి సూర్యుడిలా ఒక గుండ్రటి మచ్చ. మన పోటీల్లో కారణం చెప్పకుండా తీసి పక్కన పడేసిన ఫోటోలకు ఆ బెజ్జం కనపడదు, అంతే తేడా.

రష్యా నుంచి పారిపోయి పారిస్ మీదుగా అమెరికా చేరిన అలెక్సీ బ్రోడోవిచ్‌ది మరో దారి. హార్పర్స్ బజార్ పత్రికకు 1934 నుంచి 1958 దాకా ఆర్ట్ డైరెక్టర్. సాయంత్రాలు డిజైన్ లేబొరేటరీ పేరుతో క్లాసు నడిపేవాడు. బల్ల మీద విద్యార్థుల ఫోటోలు పరిచేవారు, చుట్టూ అందరూ నిలబడేవారు. నన్ను ఆశ్చర్యపరచు అన్నది ఆయన నోటికి అలవాటైన మాట. ఇంతకుముందు చూసిన బొమ్మే కెమెరాలో కనిపిస్తే మీట నొక్కొద్దనేవాడు. ఆయనకు విసుగొస్తే ఆ విసుగు దాచేవాడు కాదు. ఇంటికెళ్లి ఏడ్చినవాళ్లున్నారు, మళ్లీ రానివాళ్లున్నారు. నిలబడ్డవాళ్లలో ఇర్వింగ్ పెన్, రిచర్డ్ అవెడాన్, గ్యారీ వినోగ్రాండ్, లిసెట్ మోడెల్ ఉన్నారు. వాణిజ్య నౌకల కొలువు విడిచి వచ్చిన అవెడాన్ మొదట చూపించిన ఫ్యాషన్ ఫోటోలను బ్రోడోవిచ్ పక్కన పెట్టేశాడు. కుర్రవాడు పెద్ద పత్రిక ఫోటోగ్రాఫర్లను అనుకరిస్తున్నాడని తేలిపోయింది. ఆ కట్టలో ఒక ఫోటో మాత్రం పట్టి ఆపింది. ఇద్దరు నావికులు, అన్నదమ్ములు, ఒకడు ఫోకస్‌లో ఉన్నాడు, ఇంకొకడు మసగ్గా ఉన్నాడు. ఈ మసక నీది, దీన్ని పట్టుకో అన్నాడు గురువు. పత్రిక నిబంధనల ప్రకారం చూస్తే కట్ట మొత్తంలో తప్పున్నది ఆ ఒక్క ఫోటోలోనే.

బ్రోడోవిచ్ పద్ధతిని నేను మెచ్చుకుంటాను గానీ పూర్తిగా ఒప్పుకోను. విసుగు విమర్శ కాదు. విసుగు పుట్టించిందెవరో చెబుతుంది, ఎందుకు పుట్టిందో చెప్పదు. ఆయన అదృష్టం ఏమిటంటే, అక్కడికి వచ్చినవాళ్లు ఆ ‘ఎందుకు’ను సొంతంగా వెతుక్కోగల దిట్టలు. న్యూయార్క్ గొప్ప విమర్శకుల కళ్లు మూసుకుపోయిన సందర్భాలు లేకపోలేదు. రాబర్ట్ ఫ్రాంక్ అమెరికా అంతా తిరిగి ఇరవై ఏడు వేలకు పైగా ఫ్రేములు తీసి, అందులో 83 ఏరి 1958లో పారిస్‌లో, 1959లో న్యూయార్క్‌లో పుస్తకం వేస్తే, పాపులర్ ఫోటోగ్రఫీ పత్రిక సంపాదకులు వరసపెట్టి చీల్చిచెండాడారు. మసక, గరుకు, ఒరిగిపోయిన దిగంతం. వందేళ్ల కింద కామెరాన్‌ను తిట్టిన మాటలే. 1976లో ఎగ్‌ల్‌స్టన్ రంగుల ఫోటోలను న్యూయార్క్ మోడ్రన్ ఆర్ట్ మ్యూజియం ప్రదర్శిస్తే, ఇంత చప్పగా ఉన్నవాటిని గోడకెక్కిస్తారా అన్నాడు న్యూయార్క్ టైమ్స్ విమర్శకుడు. చప్పదనమే అక్కడ విషయం.

యూరప్‌లో ఫోటోగ్రాఫర్ కార్టియే బ్రెసాన్ ఎవరు ఫోటోలు చూపించినా తలకిందులు చేసి చూసేవాడు. ముఖాలూ కథా కనబడవు, గీతలూ బరువులూ మాత్రమే మిగులుతాయి. మన రఘు రాయ్ ఫోటోల మీద ఆయన చూపు పడింది 1970ల మొదట్లో పారిస్‌లో జరిగిన ప్రదర్శనలో. 1977లో రఘు రాయ్ మ్యాగ్నమ్‌లో చేరాడు. 1947లో పుట్టిన ఈ ఫోటోగ్రాఫర్ల సహకార సంస్థలో చేరడమంటే ఏళ్ల తరబడి పోర్ట్‌ఫోలియో పెట్టి ఓటు వేయించుకోవడమే. ముందు నామినీ, ఆ తర్వాత అసోసియేట్, చివరికి సభ్యుడు. ఏటా ఒక గదిలో సభ్యులంతా కూర్చుని ఎదురెదురుగా వాదించుకుంటారు. 1994లో మార్టిన్ పార్ విషయంలో ఆ వాదన పరాకాష్ఠకు చేరింది. సామాన్యులను వెక్కిరించే ఫోటోలివి, ఇతను లోపలికొస్తే మన విలువలు మంటగలిసినట్టే అని వియత్నాం యుద్ధం తీసిన ఫిలిప్ జోన్స్ గ్రిఫిత్స్ పట్టుబట్టాడు. పార్ ఒకే ఒక్క ఓటు తేడాతో లోపలికొచ్చాడు, తర్వాత ఆ సంస్థకే అధ్యక్షుడయ్యాడు. గ్రిఫిత్స్ వాదన ఓడిపోయింది గానీ, పార్ ఫోటోల గురించి వచ్చిన విమర్శల్లో గట్టిది అదేనని నా అభిప్రాయం. పొగిడినవాళ్లు అంత దగ్గరగా చూడలేదు.

మన దగ్గర ఆ వాదనల స్థానాన్ని మార్కులు ఆక్రమించాయి. ఫియాప్ అనే అంతర్జాతీయ సమాఖ్య 1950లో స్విట్జర్లాండ్‌లో ఏర్పడింది, కాస్త వెనుకగా భారత సమాఖ్య వచ్చింది, ఊరూరా కెమెరా క్లబ్బులు, సాలన్లు అనే పోటీ ప్రదర్శనలు మొదలయ్యాయి. హైదరాబాదు, విజయవాడ, విశాఖ ఫోటోగ్రాఫర్లకు ప్రపంచంతో దారి కలిపింది ఈ సాలన్లే. జీతం రాళ్లు దాచుకుని ప్రింట్లు చేయించి పోస్టులో హంగరీకీ హాంకాంగ్‌కీ పంపినవాళ్లున్నారు. కానీ సాలన్‌లో ముగ్గురు జడ్జీలు కూర్చుంటారు, తెర మీద ఫోటో వస్తుంది, కొద్ది సెకన్లు, మీటలు నొక్కుతారు, మొత్తం వస్తుంది, తర్వాతి ఫోటో. వేలల్లో వచ్చిపడే ఫోటోలకు ఇంతకంటే దారి లేదేమో. దాని ఫలితంగా సాలన్ ఫోటో అని ఒక జాతి తయారైంది. పొగమంచులో ఎడ్లబండి, గొర్రెల మంద వెనుక ఎగిసిన దుమ్ములో వంపు తిరిగిన ఎండ, ముడతల ముఖం ముసలాయన నోట్లో చుట్ట. ‘యాక్సెప్టెన్స్’ వచ్చిందా రాలేదా అని లెక్కపెట్టుకోవడం అలవాటైపోయాక, ఈ ఫోటో ఎందుకు తీశావు అని ఎవరూ అడగరు, ఎవరూ చెప్పరు. పేరు చివర బిరుదుల తోక పెరుగుతుంది.

ఇందులోనే ఒక మంచి పద్ధతి కూడా ఉంది, చెప్పకపోతే అన్యాయం. రాయల్ ఫోటోగ్రాఫిక్ సొసైటీ అసోసియేట్ బిరుదుకు పదిహేను ఫోటోలు ఒక్క బృందంగా పెట్టాలి. విడివిడిగా బాగుంటే చాలదు, పక్కపక్కన పెడితే ఒక మాట చెప్పాలి. అభ్యర్థి కావాలంటే ప్రేక్షకుల్లో కూర్చోవచ్చు, పేరు మాత్రం బయటపెట్టరు. బల్ల మీద తన ఫోటోలు, తన వంక తిరిగి చూడని జడ్జీలు, వాళ్లు పైకి అనే మాటలు. సమర్థించుకోవడానికి వీల్లేదు. ‘ఆ రోజు ఎండ లేదండీ’ అనడానికి వీల్లేదు. విమర్శ వినడంలో పెద్ద అడ్డంకి మన నోరే. దాన్ని మూసేసే ఏర్పాటు ఇది.

ఇంతదాకా చెప్పింది కెమెరా వెనుక ఉన్నవాళ్ల చరిత్ర. కెమెరా ముందు నిలబడ్డవాళ్ల చరిత్ర ఇంత ముచ్చటగా ఉండదు. ఫోటోగ్రాఫర్‌కు ‘ఈ ఫోటో తప్పు’ అంటే ఇంకో ఫోటో తీస్తాడు. మోడల్‌కు ఆ మాట ఎక్కడ తగులుతుంది? ముక్కు మీద, రంగు మీద, నడుము మీద. న్యూయార్క్‌లో జాన్ రాబర్ట్ పవర్స్ 1923లో మోడల్ ఏజెన్సీ మొదలుపెట్టినప్పటి నుంచీ పోర్ట్‌ఫోలియో చూడటమంటే మనిషిని చూడటమే. 1946లో భర్తతో కలిసి ఏజెన్సీ పెట్టిన ఐలీన్ ఫోర్డ్ మొహమాటం లేకుండా చెప్పడంలో పేరుమోసింది. లారెన్ హట్టన్‌కు ముందు పళ్ల మధ్య సందు ఉండేది. అది సరిచేయించుకో, ముక్కు సరిచేయించుకో అన్నారు. ఆవిడ సందులో మైనం పెట్టి ఫోటోలు దిగింది, నవ్వితే ఊడిపోయేది. చివరికి సందుతోనే 1966లో వోగ్ ముఖచిత్రమైంది, 1973లో రెవ్లాన్‌తో ఆనాటికి పెద్దదనిపించిన ఒప్పందం చేసుకుంది. ఆ మాట అన్నవాళ్లు మోసగాళ్లేమీ కాదు. తమ అనుభవంలో సందున్న పళ్లు అమ్ముడుపోలేదు, అదే చెప్పారు. ఆనాటి బజారును ప్రకృతి నియమంగా చెప్పడమే వాళ్ల తప్పు.

నేవోమీ సిమ్స్ కథలో బజారు అనే ముసుగు కూడా లేదు. ఏజెన్సీలు ఆమె చర్మం మరీ నల్లగా ఉందని తిప్పి పంపాయి. ఆమె ఏజెన్సీల్ని వదిలేసి నేరుగా ఫోటోగ్రాఫర్ దగ్గరికి వెళ్లింది. 1967లో న్యూయార్క్ టైమ్స్ ఫ్యాషన్ అనుబంధం ముఖచిత్రం మీద ఆమె వచ్చింది. అప్పుడు విల్హెల్మీనా కూపర్ అనే మాజీ మోడల్ కొత్తగా పెడుతున్న ఏజెన్సీకి వెళ్లి, ఈ ముఖచిత్రం ప్రతులను మీ ఫోన్ నంబరు వేసి ప్రకటనల కంపెనీలన్నిటికీ పంపుతాను, పని వస్తే కమీషన్ మీది, రాకపోతే పోయేదేమీ లేదు అని బేరం పెట్టింది. ఏడాది తిరిగేసరికి వారానికి వెయ్యి డాలర్లు సంపాదిస్తోంది. 1968 నవంబరులో లేడీస్ హోమ్ జర్నల్ ముఖచిత్రమైంది. విమర్శకు ఆమె ఇచ్చిన జవాబు మాటల్లో లేదు, ఒక్క కాగితంలో ఉంది.

మన వైపు ఈ రంగుగోల ఎక్కడ మొదలైందో వెతకడానికి ఫ్యాషన్ దాకా పోనక్కర్లేదు. తెలుగింటి ఆడపిల్లలు చాలామందికి మొదటి పోర్ట్‌ఫోలియో పెళ్లిచూపుల ఫోటో. పట్టుచీర, చేయి ఆనించడానికి ఒక స్టాండు, వెనుక గుడ్డ మీద పార్కు. స్టూడియోలో వెనుక గదిలో టచింగ్ చేసేవాడు నెగెటివ్‌ను వెలుతురు బల్ల మీద పెట్టి, సూదిలా చెక్కిన పెన్సిల్‌తో బుగ్గల మీద, కళ్ల కింద, గడ్డం మీద సన్నటి గీతలు నింపేవాడు. నెగెటివ్ మీద పెన్సిల్ పడిన చోట ప్రింటులో తెల్లబడుతుంది. చామనచాయ పిల్ల తెల్లగా బయటికొచ్చేది. ఆ పిల్లతో ఎవరూ ఏమీ అనలేదు. పెన్సిల్ అనేసింది. తర్వాత పెళ్లివారొచ్చి ఫోటోలో ఉన్నంత రంగు లేదే అన్నప్పుడు అవమానం పెన్సిల్ పట్టిన చేతికి కాదు, పిల్లకు. ఇదే అలవాటు తర్వాత ఫోటోషాప్‌లోకి, మోడళ్ల ఆల్బమ్‌లోకి, పెళ్లి ఫ్లెక్సీల్లోకి నడిచొచ్చింది. తెల్లబరచడం మన దగ్గర మర్యాద కింద చెల్లుబాటైపోయింది, అది విమర్శేనని గుర్తుపట్టం.

సినిమాకు ఫోటోలు పంపడం ఆ తర్వాతి మెట్టు. ఆదుర్తి సుబ్బారావు 1960ల మధ్యలో ‘తేనె మనసులు’ కోసం కొత్త ముఖాలు కావాలని ప్రకటన ఇస్తే కట్టలకొద్దీ ఫోటోలొచ్చాయి. బుర్రిపాలెం కుర్రాడు కృష్ణ అలా ఎంపికైనవాడే. షూటింగ్ మొదలయ్యాక ఇతను పనికిరాడు, మార్చేయమని చుట్టూ ఉన్నవాళ్లు పోరు పెట్టినా ఆదుర్తి వినలేదని సినిమావాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. 1965లో సినిమా వచ్చింది. ఆ తర్వాత ఆయన మూడు వందలకు పైగా సినిమాల్లో నటించాడు. కాకపోతే, ఆ ప్రకటనకు ఫోటో పంపి జవాబు రాని మిగతా వాళ్లకు ఏ కారణం చెప్పారు? ఎవరికీ ఏమీ చెప్పలేదు. చెప్పే ఆనవాయితీ లేదు.

ఫ్యాషన్ లోకంలో కొన్ని తీర్పులు మితిమీరేసరికి ప్రభుత్వాలే కల్పించుకున్నాయి. 2006లో మాడ్రిడ్ ఫ్యాషన్ ప్రదర్శన బరువు తక్కువ మోడళ్లను వేదికెక్కనివ్వలేదు. 2017 నుంచి ఫ్రాన్స్‌లో మోడల్‌కు డాక్టరు సర్టిఫికెట్ కావాలి, శరీరాన్ని సన్నబరిచో లావుచేసో దిద్దిన ప్రకటన ఫోటో మీద ఆ మాట రాయాలి. ‘ఇంకా తగ్గాలి’ అనే ఒక్క వాక్యం ఎంతమంది ఆకలితో మాడిపోవడానికి కారణమైతే చట్టం రావాల్సివచ్చిందో ఊహించుకోవచ్చు.

ఫోటోగ్రాఫర్లకు మాత్రం ఈ యాభై ఏళ్లలో ఒక కొత్త బల్ల దొరికింది. 1970లో ఫ్రాన్స్‌లోని ఆర్ల్ పట్టణంలో ఫోటో ఉత్సవం మొదలైంది. అక్కడి కేఫ్‌ల్లో ఫోటోగ్రాఫర్లు సంపాదకులకు ప్రింట్లు చూపించుకోవడం గమనించిన ఒక అమెరికన్ జంట హ్యూస్టన్ వెళ్లి ఫోటోఫెస్ట్ పెట్టారు, 1986లో జరిగిన మొదటి ఉత్సవంలోనే ఆ చూపించుకోవడానికి ఒక గదీ టైమూ కేటాయించారు. బల్లకు అటు క్యూరేటరో ఎడిటరో, ఇటు ఫోటోగ్రాఫరు, ఇరవై నిమిషాలు, గంట మోగగానే లేవాలి. ఈ ఏర్పాటు ప్రపంచమంతా పాకింది. హైదరాబాదులో 2015 నుంచి జరుగుతున్న ఇండియన్ ఫోటో ఫెస్టివల్‌లోనూ పోర్ట్‌ఫోలియో రివ్యూలుంటాయి. ఆ బల్ల దగ్గర మంచి రివ్యూయర్ ఎవరో మాటల కంటే ముందు చేతులు చెబుతాయి. ప్రింట్లన్నీ పరిచి, కొన్ని నెమ్మదిగా పక్కకు తోసి, మిగిలినవాటి వరస మార్చి, మళ్లీ మార్చి, అప్పుడు ఈ రెండింటి మధ్య ఏదో ఉంది, తీశావా, తీయలేదా అని అడుగుతారు. ఫోటోగ్రాఫరు సంచిలోంచి ‘ఇవి బాగా రాలేదండీ’ అంటూ పక్కన పెట్టిన కవరు తీస్తాడు. పని అక్కడ మొదలవుతుంది. లోపం ఒక్కటే, ఈ బల్ల దగ్గర కూర్చోవడానికి చాలాచోట్ల డబ్బు కట్టాలి. డబ్బు పుచ్చుకున్న నోరు మెత్తబడటం సహజం.

మోడల్‌కు ఇలాంటి బల్ల ఇప్పటికీ లేదు. కొనేవాడు కాని మనిషి, అమ్మేవాడు కాని మనిషి ఎదురుగా కూర్చుని నీ ఫోటోలు ఇలా ఉన్నాయి, నువ్వు కాదు, నీ ఫోటోలు అని చెప్పే చోటు లేదు. ఏజెన్సీ అయితే తీసుకుంటుంది లేదా తీసుకోదు. కో-ఆర్డినేటర్ తన కమీషన్ చూసుకుంటాడు. హైదరాబాదు సినిమావాళ్ల పేట కృష్ణానగర్‌లో బస్సు దిగిన అమ్మాయి ఎవరినైనా అడగగలిగితే, ఆల్బమ్ తీసిన స్టూడియో ఆయన్నే అడగాలి. ఆయన ఆల్బమ్ రెండుసార్లు అటూ ఇటూ తిప్పి, బాగానే వచ్చాయమ్మా, ఇంకో రెండు కాస్ట్యూమ్‌లు వేసి తీద్దాం, ప్యాకేజీలో చూసుకుందాం అంటాడు.